ఆసక్తుల పత్రంలో మా ఇంటిల్లిపాది

"ఒరేయ్, మన పిల్ల ఆస్తుల పత్రం సోమవారంలోగా బళ్లో ఇవ్వాలట!"

ఫోను పెట్టేసి మా అమ్మ అన్న మాట ఇది. నా నోట్లో ముద్ద నోట్లోనే ఆగింది.

"పదహారేళ్ల పిల్లకి ఆస్తులేమిటే?"

"నాకేం తెలుసు? ఆ గుమాస్తా గట్టిగానే చెప్పాడు. ఏదీ దాచకుండా రాయాలట. రాయకపోతే సీటు ఇవ్వరట."

నాకు ఒళ్లు మండింది. నాకు ఒళ్లు మండితే వీధి చివరిదాకా వినిపిస్తుంది కాబట్టి మా ఆవిడ ముందుగా కిటికీ మూసింది. నేను బడికి ఫోను కొట్టాను.

"ఏమయ్యా, మీది బడా, రాబడా?"

"అయ్యా, ఆస్తి కాదండీ, ఆసక్తి!" గుమాస్తా బతిమాలాడు. "పిల్లకి ఏది ఇష్టమో, ఏది చేతనవునో తనకు తానే చెప్పుకునే పత్రం. స్వీయ అంచనా అంటారు. దాన్ని బట్టి ఏ వృత్తి కోర్సు సరిపోతుందో చెబుతారు."

"అలా చెప్పు. ఆ మొదటిదైతే మా ఇంట్లో బొత్తిగా లేదు. రెండోదైతే కావలసినంత" అని నవ్వి ఫోను పెట్టేశాను.

నేను కాటాలు బాగుచేస్తాను. కూరగాయల బండి మీది త్రాసు దగ్గర్నుంచి లారీలు ఎక్కే వేబ్రిడ్జి దాకా. మా అమ్మాయిని ఇంట్లో 'ముల్లు' అంటాం. గుచ్చుకుంటుందని కాదు. కాటా ముల్లులా సన్నగా ఉంటుంది, ఒకచోట నిలబడితే ఇక అటూ ఇటూ ఊగదు. రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆ నాలుగు మాటల్లోనూ ఆ నెలంతా ఒకటే మాట: బళ్లో కొత్తగా పెట్టిన పరికరాల మరమ్మతు కోర్సు కావాలని. రెండేళ్ల చదువు, ఇరవై సీట్లు.

తనకి ఆ పని పట్టుబడిందనడానికి నాకు ఒక్క సంగతి చాలు. మందుల షాపాయన తన చిన్న కాటా తప్పు చూపిస్తోందని మూడుసార్లు తెచ్చాడు. మూడుసార్లూ నేను విప్పి బిగించాను. నాలుగోసారి మా ముల్లు ఆ షాపుకే వెళ్లి పావుగంట నిలబడి, "పైన ఫ్యాను ఆపండి" అంది. ఆపారు. కాటా సరిపోయింది. నాకు తల తిరిగింది, ఫ్యాను ఆగింది.

సరే, పత్రం వచ్చింది. తొంభై ప్రశ్నలు. ఒక్కోదానికి 'అస్సలు కాదు' నుంచి 'చాలా ఎక్కువ' దాకా అయిదేసి సున్నాలు. ఒకటి నింపాలి. పైన లావుపాటి అక్షరాల్లో: అన్నిటికీ సమాధానం తప్పనిసరి. కొట్టివేతలు చెల్లవు. తల్లిదండ్రుల సంతకం లేనిదే స్వీకరించబడదు.

ఇలా రాస్తే నాలాంటివాడికి అది ఏమనిపిస్తుంది? పరీక్ష! పరీక్ష అంటే మార్కులు. మంచి మార్కులొస్తే పిల్ల అడిగిన కోర్సు ఇస్తారు. ఇదీ నా లెక్క. కొట్టివేతలు పడకూడదని పెన్సిలు నేనే పట్టుకున్నాను.

"కొత్తవాళ్లతో మాట్లాడటం ఇష్టమా?" అని చదివాను.

"లేదు" అంది ముల్లు.

"లేదంటే మొద్దనుకుంటారే. చాలా ఎక్కువ!" సున్నా నింపాను.

"చేతులకి గ్రీజు అంటుకునే పని ఇష్టమా?"

"ఇష్టం."

వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది. "అస్సలు కాదని పెట్టండి! ఆడపిల్ల కాగితంలో గ్రీజేమిటి, నలుగురూ చూస్తే?"

"ఒంటరిగా గంటలకొద్దీ ఒకే పని చేయగలవా?"

పిల్ల నోరు తెరిచేలోగా మా అమ్మ అందుకుంది. "వద్దురా, నలుగురిలో కలవని పిల్ల అనుకుంటారు."

పన్నెండో ప్రశ్న దగ్గర ముల్లు లేచింది. "నాన్నా, ఇది నా గురించే కదా?"

"నీ గురించే, నీ మంచికే!"

అది గదిలోకి వెళ్లిపోయింది. మిగతా డెబ్భై ఎనిమిదీ ముగ్గురం కలిసి నింపాం. సంతకం కూడా వంకర లేకుండా పెట్టాను.

పది రోజుల తర్వాత బడి గోడ మీద జాబితా అంటించారు. మా ముల్లు పేరుకి ఎదురుగా ఏముందో తెలుసా? 'అతిథి స్వాగతం, అమ్మకాల ప్రచారం'! ఇంటికి చుట్టం వస్తే మంచినీళ్లు బల్లమీద పెట్టి మాయమయ్యే పిల్లని హోటలు గుమ్మంలో నిలబెట్టి 'రండి రండి' అనిపిస్తారట! కోరిక ఒకటీ, కోర్సు ఒకటీ! మార్పులకి ఆ రోజు నాలుగింటి వరకే గడువు.

మధ్యాహ్నం రెండింటికి కొట్టు మూసి, పిల్లని, మా ఆవిడని వెంటబెట్టుకుని కోర్సులు కేటాయించే సలహాదారు మేడం గదిలో పడ్డాను.

"ఇది తూచడమా, తూతూమంత్రమా? సలహాదారు అంటే దారి చూపాలండీ, దారి మళ్లించకూడదు! నోరున్న పిల్లకీ పనితనమున్న పిల్లకీ తేడా తెలియని కాగితం ఎందుకు, పకోడీ పొట్లాలకా?"

వరండాలో వేచి ఉన్న తల్లిదండ్రులు గుమ్మంలోకి వచ్చేశారు. సెలూన్ ఆయన, "మావాడికి లెక్కల శాఖ వేశారు, వాడికి ఎక్కాలే రావు" అన్నాడు. బస్సు డ్రైవరు భార్య, "మా పిల్లకి రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి, నర్సింగ్ ఇచ్చారు" అంది. నాకు బలం వచ్చింది. బల్ల గుద్దాను. అరగంట గుద్దాను.

మేడం బీరువాలోంచి మా పత్రం తీసి బల్లమీద పరిచింది.

"ఇందులో ఉన్న మనిషికి కొత్తవాళ్లంటే సంబరం. గొంతు పెద్దది. ఎదుటివాళ్లు వినకపోయినా మాట్లాడగలడు. నలుగురు చేరితే హుషారొస్తుంది. ఇలాంటి మనిషిని నేను అరగంటగా చూస్తూనే ఉన్నాను. చూడండి, ఇది మీ అమ్మాయి కాదు."

గుమ్మంలో ఎవరో కిసుక్కున నవ్వారు. నేను ముల్లు వైపు చూశాను.

"నాన్నా" అంది అది. "నేను లేదన్నచోట నువ్వు చాలా ఎక్కువ అని పెట్టావు. ఇష్టమన్నచోట అమ్మ అస్సలు కాదంది. నువ్వు తూకం వేసేటప్పుడు ఎవరైనా పళ్లెం మీద చెయ్యి పెడితే ఊరుకుంటావా?"

అది అంత పొడుగు మాట మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. బల్ల మీంచి చెయ్యి తీసేశాను. అయినా కోపం పూర్తిగా చావలేదు, చావకూడదు కూడా.

"తప్పు నాదే మేడం. కానీ తొంభై సున్నాలు లెక్కపెట్టారు, ఒక్కసారి పిల్లని పిలిచి మొహం చూశారా? ఇది పరీక్ష కాదని పైన ఒక్క ముక్క రాశారా?"

మేడం కాసేపు ఆ లావుపాటి అక్షరాల వంక చూసింది. "రాయలేదు. పిలవనూ లేదు" అంది. లేచి, ఖాళీ పత్రం ఒకటి, పెన్సిలు ఒకటి ముల్లుకిచ్చి, పక్కగదిలో కూర్చోబెట్టి తలుపు వేసింది. మా ఆవిడ ఆ తలుపు వైపు ఒక అడుగు వేసి, ఆగిపోయింది.

ముల్లు బయటికొచ్చేసరికి మూడున్నర. మేడం పత్రం చూసింది. పిల్లని ఎదురుగా కూర్చోబెట్టి పది నిమిషాలు మాట్లాడింది. మరమ్మతు జాబితాలో ఖాళీగా మిగిలిన ఇరవయ్యో వరస మీద పెన్ను ఆనించి నా వైపు తిరిగింది.

"పాత పత్రం కింద మీ సంతకం ఉంది. అది ఎందుకు చెల్లదో మీరే చెప్పాలి. హెడ్మిస్ట్రెస్ గారు వస్తున్నారు. అందరి ముందూ చెప్పండి."

హెడ్మిస్ట్రెస్ వచ్చింది. గుమాస్తా వచ్చాడు. నా గొంతు జీవితంలో మొదటిసారి చిన్నదైంది, అయినా అందరికీ వినపడింది.

"ఈ కాగితం మీద పేరు మా అమ్మాయిది. ఇందులో వాగుడు నాది. నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం మా ఆవిడది, పరువు మా అమ్మది. పిల్లని అడిగినవి పన్నెండే, అవీ నేను మార్చేశాను. మార్కులొస్తాయనుకున్నాను. మీ పత్రం తప్పు చూపించలేదు, మా ముగ్గుర్నీ కలిపి సరిగ్గానే తూచింది. తూచాల్సిన మనిషి మాత్రం అప్పుడు పక్కగదిలో ఉంది."

మేడం ఇరవయ్యో వరసలో పేరు రాసింది.

గుమ్మంలోంచి సెలూన్ ఆయన చెయ్యెత్తాడు. "మేడం, మావాడిది నేనే నింపాను. లెక్కలంటే నాకు ఇష్టం."