దీనమ్మ వంతు

విజయ్ పాల్ తనని అన్న మాట గురించి దీనమ్మ నెల రోజులుగా ఎవరితోనూ దెబ్బలాడలేదు. ఆ ఆదివారం పొద్దున్నే దొడ్లో పీట వేసుకుని నోరు కడుక్కుంటున్నంతసేపూ మాత్రం అతన్ని కసితీరా తిట్టుకుంది. తిట్లన్నీ మనసులోనే. నోట్లో ప్లేటు లేకపోతే ఆమె మాట ముక్కులోంచి బుసబుసమంటూ వస్తుంది. తిట్టినా ఎవరికీ అర్థం కాదు.

గోరువెచ్చని నీళ్లలో చిటికెడు ఉప్పు, చిటికెడు వంటసోడా వేసి రోజుకి నాలుగైదుసార్లు పుక్కిలించాలని రాజమండ్రి ఆసుపత్రిలో చెప్పారు. పుక్కిలించడానికి అంగిలి ఉండాలి. దీనమ్మకి కుడివైపు అంగిలి కోసేశారు. అక్కడ రూపాయి బిళ్ల పట్టేంత కన్నం ఉంది. నీళ్లు పుక్కిట నిలవకుండా ముక్కులోంచి కారిపోతాయి. అందుకని ఆమె తల బాగా వంచి, ఎడం చేత్తో ముక్కు మూసుకుని, ఎడమ దవడలో కొంచెం కొంచెంగా నీళ్లు తిప్పి ఉమ్మింది. తరవాత చూపుడువేలికి మెత్తటి గుడ్డ చుట్టి, తడిపి, కన్నం అంచున కట్టిన పక్కుల్ని నెమ్మదిగా తుడిచింది. గుడ్డ పచ్చగా తేలింది. వాసన ఆమెకి తెలియదు. ఎదుటివాళ్లు మొహం పక్కకి తిప్పుకోవడం బట్టి తెలుసుకుంటుంది.

పదమూడో ఏట పొగాకు లంకల్లో కూలికి వెళ్లినప్పుడు తల్లే ఆమెకి చుట్ట అలవాటు చేసింది. అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుంటే ఏటి గాలికి ఆరదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. ఊళ్లో ఆడవాళ్లంతా అలాగే కాల్చేవారు. నలభై ఏళ్లు కాల్చింది. అంగిట్లో పుండు పడితే వేడి చేసిందనుకుని వెన్న రాసుకుంది. ఊళ్లో డాక్టరు బలం బిళ్లలు రాశాడు. అలా రెండేళ్లు గడిచాక, ఉమ్మిలో నెత్తురు పడ్డాక, పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. పై పళ్లు పీకి, అంగిలి కోసి, తరవాత కేన్సరు మళ్లీ రాకుండా మెషీను కింద పడుకోబెట్టి కరెంటు పెట్టారు. కరెంటుతో నోట్లో ఉమ్మి ఎండిపోయింది. ఆవకాయకీ అన్నానికీ తేడా లేకుండా పోయింది. ఏది పెట్టినా తడిపిన అట్ట నమిలినట్టే ఉండేది.

ఆ కన్నానికి మూతగా ఆసుపత్రిలో గులాబిరంగు ప్లాస్టిక్ ప్లేటు ఒకటి చేసిచ్చారు. కట్టుడు పళ్ల సెట్టులా ఉంటుంది. పైన రేగుపండంత బుడిపె. అది కన్నంలో కూర్చుంటే నీళ్లు గొంతులోకి దిగుతాయి, మాట మాటలా వస్తుంది. మాంసం మానుతున్నకొద్దీ ముడుచుకుంటుంది కాబట్టి మూణ్నెల్లకోసారి వస్తే సరిచేస్తామని డాక్టరమ్మ చెప్పింది. చెప్పడానికేం, ఆవిడ నోరు బాగానే ఉంది. పోలవరం నుంచి వచ్చే బస్సు పట్టుకుని రాజమండ్రి వెళ్లి రావాలంటే పగలంతా పోతుంది. పక్కన మనిషి కావాలి. రెండుసార్లు కోడలు ఆశాజ్యోతి పని మానుకుని వెంట వెళ్లింది. మూడోసారికి ఎవరికీ కుదరలేదు. ప్లేటు వదులైంది.

కిందటి నెల మొదటి ఆదివారం, గుళ్లో ప్రభుభోజనం దగ్గర అది బయటపడింది. పాస్టరు అయ్యగారు, అందరూ తాగే గిన్నెని ఆమె పెదవులకి ఆనించారు. దీనమ్మ ఒక గుక్క తాగింది. మింగుతుండగానే ద్రాక్షరసం ముక్కులోంచి బొటబొటా కారి, బల్ల ముందరి కటకటాల మీద పరిచిన తెల్లగుడ్డ మీద పడింది. వెనక వరసలో పసిపిల్ల ఒకతె, "అమ్మా, మామ్మకి రక్తం!" అని ఏడ్చింది. ఆ గుడ్డని దీనమ్మే ఉతికింది. మరక పోలేదు.

ఆరాధన అయ్యాక సంఘపెద్ద విజయ్ పాల్ గుడి మెట్ల మీద అందరూ వింటుండగా అన్నాడు. "పిన్నీ, వచ్చేనెల నుంచి నువ్వు ఆఖర్న రా. నీ వెనకాల తాగడానికి జనం జంకుతున్నారు."

విజయ్ పాల్ పరాయివాడు కాదు, బావగారి కొడుకు. తల్లి బాలింతగానే పోతే, పళ్లు రాని వయసులో దీనమ్మే వాడికి అన్నం నమిలి నోట్లో పెట్టింది. ఇప్పుడు మండలాఫీసులో గుమాస్తా.

నోరు కడుక్కోవడం అయ్యాక ఆమె పొయ్యి దగ్గరికి వెళ్లింది. గుళ్లో వెలిగించగా మిగిలిన కొవ్వొత్తి ముక్కలు పారేయకుండా ఇంటికి తెచ్చుకుంటుంది. ఒక ముక్కని గరిటెలో కరిగించి, ప్లేటు బుడిపె చుట్టూ పోసి, కొంచెం చల్లారగానే నోట్లోకి ఎక్కించి, బొటనవేళ్లతో పైకి అదిమింది. కాలింది. కళ్లమ్మట నీళ్లు కారుతున్నా వేళ్లు తియ్యలేదు. మైనం గట్టిపడ్డాక గ్లాసుడు నీళ్లు తీసుకుని ఒక గుక్క తాగింది. ముక్కు కింద అరచెయ్యి పెట్టి చూసుకుంది. తడి లేదు. ఇంకో గుక్క తాగింది. లేదు.

"అమ్మాయ్," అని పిలిచింది.

పిల్లకి జడ వేస్తున్న ఆశాజ్యోతి ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. "మీరేనా అత్తయ్యా? ఏదీ, ఇంకో మాటనండి!"

"ఏం మాటనమంటావే? సాయంత్రం చేపలోడొస్తే బేరం నన్నే ఆడమంటావా?"

"ఓలమ్మో, ఎంత సుబ్బరంగా వచ్చిందో! ఇంకేం, ఊరు ఊరంతా చెవులు మూసుకోవాలి," అని కోడలు నవ్వింది.

దీనమ్మ కూడా నవ్వబోయి, ప్లేటు కదులుతుందని ఆపుకుంది. ఇవాళ ఆఖర్నే వెళుతుంది. చుక్క కారకుండా తాగుతుంది. అందరూ చూస్తారు. వచ్చే నెల నుంచి మళ్లీ తన వరసలో, జ్ఞానమ్మ పక్కన, మోకరిస్తుంది. పెళ్లై ఈ ఊరు వచ్చిన దగ్గర్నుంచీ అదే ఆమె చోటు.

గుడి ఊడ్చేదీ, చాపలు పరిచేదీ, గంట కొట్టేదీ దీనమ్మే. మొగుడు జీవరాజు కాలం చేసిన ఏడాది సంఘం వాళ్లు ఆ పని ఇచ్చారు. తాళం తీసి, పక్కగదిలో బీరువాలోంచి దొరల కాలంనాటి వెండిపూత గిన్నె బయటికి తీసి, నూతి దగ్గర చింతపండు పెట్టి తోమింది. లోపల, అంచుల వెంట, అందరి పెదవులూ తగిలే చోట రెండోసారి తోమింది. పొడిగుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టింది. ఆమె చెయ్యి తగిలిన గిన్నెలో తాగడానికి ఇప్పటిదాకా ఎవరూ జంకలేదు.

విజయ్ పాల్ తెల్లచొక్కా వేసుకుని, చేతిలో సంచితో ముందుగానే వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"పిన్నీ, ఇవాళ నీకో సంగతుంది."

"ఏంట్రా?"

"ఇప్పుడు చెప్పను. భోజనం దగ్గర చూద్దువుగాని."

ఆమె మాట తేటగా వచ్చిందని అతను గమనించలేదు. అయినా దీనమ్మకి కోపం సగం దిగిపోయింది. అన్నమాట వెనక్కి తీసుకుంటాడు కాబోలు, అందరి ముందూ వరసలోకి రమ్మంటాడు కాబోలు అనుకుంది. గంట తాడు రోజూ కంటే గట్టిగా లాగింది.

చాప మీద చేరాక జ్ఞానమ్మ ఆమె వైపు వంగి, "ఏంటే, మొహం కళకళ్లాడుతోంది? పెళ్లిచూపులా?" అంది.

"నువ్వే చూద్దువుగాని, ఉండు."

"ఓసి నీ అమ్మ కడుపు కాలా, మాటొచ్చిందే నీకు!" అని జ్ఞానమ్మ ఆమె మోకాలి మీద కొట్టింది.

ప్రసంగం అయింది. వరసలు లేచాయి. మగవాళ్లు, తరవాత ఆడవాళ్లు, కటకటాల దగ్గర మోకరించి, అప్పం తీసుకుని, గిన్నె తాగి తిరిగొచ్చారు. జ్ఞానమ్మ లేచేటప్పుడు ఆమె వైపు చూసి, ఒక్కతే వెళ్లింది. దీనమ్మ చాప మీద కూర్చునే ఉంది. ఆఖరి పిల్ల వచ్చేశాక లేచి, కొంగు కప్పుకుని, వెళ్లి మోకరించింది. నాలుక చాపింది. అయ్యగారు పల్చటి అప్పం పెట్టారు. ఉమ్మి లేని నాలుకకి అది కాయితంలా అతుక్కుంది. గిన్నె కోసం గడ్డం ఎత్తింది.

గిన్నె రాలేదు. విజయ్ పాల్ సంచిలోంచి, పాతపేపరు విప్పి, కొత్త స్టీలు గ్లాసు తీశాడు. అయ్యగారు గిన్నెలోంచి దాన్లోకి కొంచెం వంపారు. విజయ్ పాల్ వంగి ఆమె చెవిలో అన్నాడు. "కొవ్వూరులో నీ పేరు కొట్టించాను పిన్నీ. ఇది నీదే. ఇంకెవరూ ముట్టుకోరు."

రేవులో కాఫీ హోటలువాడు కులం చూసి తమ పేటవాళ్లకి వేరే గ్లాసులు పెట్టినప్పుడు కుర్రాళ్లని వెంటేసుకుని వెళ్లి ఆ గ్లాసులు గోదాట్లో పారేయించింది ఈ విజయ్ పాలే.

దీనమ్మ గ్లాసు చేతిలోకి తీసుకుంది. అంచు కింద చుక్కచుక్కలుగా కొట్టిన అక్షరాలు. బైబిలు క్లాసులో నేర్చుకున్న చదువుతో కూడబలుక్కుంది. పి. దీనమ్మ. ఆమె ఇంట్లో సామానంతటి మీదా పెళ్లికి పెట్టినవాళ్ల పేర్లే ఉన్నాయి. తన పేరు ఏ గిన్నె మీదా లేదు.

వెనక ఎవరూ చూడటం లేదు. ఆమె ఇబ్బంది పడుతుందని అందరూ పాటల పుస్తకాల్లోకి తలలు వంచుకున్నారు.

గ్లాసుని తాగకుండా అలాగే కటకటాల మీద పెట్టి, లేచి, చాప మీదికి వచ్చి కూర్చుంది. మింగడానికి తడి లేక, ఆఖరి పాట అయ్యేదాకా ఆ అప్పం నాలుక మీదే ఉంది.

జనం వెళ్లాక గిన్నె కడగడానికి పక్కగది గుమ్మం దగ్గరికి వెళ్లింది. లోపల అయ్యగారు గ్లాసు పట్టుకుని నిలబడ్డారు. చిన్నవాడు, ఊరికి కొత్త.

"మిగిలింది పారబొయ్యకూడదండి విజయ్ పాల్ గారూ. నేనే తాగాలి."

"ఆ గ్లాసులోదాండి? ఒంటికి మంచిది కాదేమోనండి."

అయ్యగారు గ్లాసు పెదవుల దాకా ఎత్తారు. పేరు చూశారు. దించేశారు.

"నేను నోరు పెట్టలేదయ్యగారూ," అంది దీనమ్మ గుమ్మంలోంచి. ప్రతి అక్షరం విడివిడిగా, తేటగా వచ్చింది.

ఇద్దరూ వెనక్కి తిరిగారు. విజయ్ పాల్ మొహం విప్పారింది.

"పిన్నీ! మాట ఎంత బాగా వచ్చిందే! చూశారాండి అయ్యగారూ? ప్రార్థన ఊరికే పోదండి!"

అయ్యగారు తల ఊపి, గోడవతలకి వెళ్లి, నందివర్ధనం మొదట్లో వంపి వచ్చారు. ఖాళీ గ్లాసుని గిన్నె పక్కన పెట్టారు. దీనమ్మ రెండూ నూతి దగ్గరికి తీసుకెళ్లి తోమింది. తుడిచి, బీరువాలో పెట్టి, తాళం వేసింది.

ఇంటికి వచ్చేసరికి పై దవడ మండుతోంది. ప్లేటు తీసింది. మైనంతో పాటు చర్మం కొంచెం ఊడి వచ్చింది.

"తీసుకున్నారా అత్తయ్యా? ఏం కారలేదుగా?" అని అడిగింది ఆశాజ్యోతి.

కారలేదన్నట్టు తల ఊపింది.

ఆ తరవాత ఆమె ప్లేటు పెట్టుకోలేదు. కోడలు మైనం కరిగించి తెస్తే చెయ్యి అడ్డం పెట్టింది. రాజమండ్రి పోదాం రమ్మంటే గోడవైపు తిరిగి పడుకుంది. జావ పోస్తే సగం ముక్కులోంచి వచ్చేది. నాలుగు రోజులకి ఆ సగం కూడా వద్దంది. మూడో వారం బుధవారం, ఆశాజ్యోతి కొట్టుకెళ్లి కిరసనాయిలు తెచ్చేసరికి మంచం మీద ఊపిరి లేదు. మొహం నిండుగా కనబడుతుందని ప్లేటు పెట్టబోయారు గానీ, దవడ అప్పటికే బిగుసుకుపోయింది. సమాధి దగ్గర విజయ్ పాల్ వెక్కివెక్కి ఏడ్చాడు. దొంగ ఏడుపు కాదది.

చీపురూ తాళాలూ జ్ఞానమ్మకి ఇచ్చారు. అయ్యగారికి బదిలీ అయి ఇంకొకరు వచ్చారు. ఆయన మొదటినెల బీరువా తీయించి సామాను చూసుకుంటూ, "ఈ దీనమ్మగారెవరండి? గుడికి ఇచ్చుకున్నారు, సంతోషం. ఒక్క గ్లాసే ఇచ్చారే!" అన్నారు.

జ్ఞానమ్మ గిన్నే గ్లాసూ తీసుకుని నూతి దగ్గరికి వెళ్లింది.

పేరున్న వస్తువు కాబట్టి దాన్ని ఎవరూ పారెయ్యరు. ఎవరూ తాగరు. నెలకోసారి గిన్నెతో పాటు నూతి దగ్గరికి వెళుతుంది, తోమించుకుంటుంది, తిరిగొచ్చి బీరువా మూల బోర్లపడి ఉంటుంది. ఇప్పటికీ కొత్తదే. లోపల ఒక్క గీత లేదు.