బోర్డులో మూడో కుర్చీ

సాతంరాయిలో బుచ్చయ్య బిడ్డ కలెక్టరు కాబోతోందన్న మాట పుట్టించింది బుచ్చయ్యే. సంతోషి సివిల్స్ మెయిన్స్ పాసైందని తెలిసిన పొద్దున, శంషాబాద్ మార్కెట్లో కొత్తిమీర కట్టలు దించుతూనే నలుగురికీ చెప్పేశాడు. మధ్యాహ్నానికి ఊరంతా పాకింది. ఢిల్లీలో ఇంటర్వ్యూ ఇంకా మిగిలే ఉందని సంతోషి ఎంత మొత్తుకున్నా ఎవరూ చెవిన పెట్టలేదు. బుచ్చయ్య అయితే బిడ్డ ఎక్కబోయే కారు రంగు కూడా మనసులో ఖాయం చేసుకున్నాడు.

అలాంటి మనిషికి ఓ శనివారం సాయంత్రం సంతోషి అసలు సంగతి చెప్పింది. పాలకూర మడికి నీళ్లు కడుతున్న తండ్రి పక్కన గట్టు మీద కూర్చుని, మొహం చూడకుండా చెప్పింది.

"బాపూ, ఇంటర్వ్యూకు ముందు ఏ నౌకరి కావాల్నో వరుసగా రాసియ్యాలె. నేను ఫారిన్ సర్వీసు మొదటిది రాస్తున్న. కలెక్టర్ది రెండోది."

"గదేంది? గదేం నౌకరి?"

"వేరే దేశాలల్ల మన సర్కారు ఆఫీసులుంటయి. ఎంబసీ అంటరు. అక్కడుండి మన తరఫున మాట్లాడే నౌకరి బాపూ."

బుచ్చయ్య పార కింద పెట్టాడు.

"మాట్లాడుడే అయితే పరాయి దేశం దాకా ఎందుకు పోవాలె? గిక్కడ మనుషులు లేరా?"

జవాబు కోసం చూడకుండా మళ్లీ పార అందుకున్నాడు. అన్నాల దగ్గర భార్య సక్కుబాయి తండ్రీకూతుళ్ల మొహాలు చూసి, పప్పులో ఉప్పు తక్కువైందా అని అడిగింది. లేదన్నారు ఇద్దరూ.

మర్నాడు పొద్దున్నే సంతోషి రాజేంద్రనగర్ పోయింది. అక్కడ జ్ఞానప్రసూనాంబ గారని, డిగ్రీలో ఆమెకు పొలిటికల్ సైన్స్ చెప్పిన రిటైర్డ్ లెక్చరర్ ఉంటారు. గుంటూరు వైపు వాళ్లు. భర్త పట్టాభిరామయ్య వ్యవసాయ యూనివర్సిటీలో పనిచేసి అక్కడే ఇల్లు కట్టుకున్నారు. ఆదివారాలు ఇద్దరూ కలిసి సంతోషికి ఇంటర్వ్యూ సాధన చేయిస్తున్నారు.

బిడ్డ అటు పోగానే బుచ్చయ్యకు అంతా తేటతెల్లమైనట్టు అనిపించింది. ఈ పరాయిదేశం పిచ్చి ఎక్కించింది ఆ టీచరమ్మే. అడిగేసి రావాలని బండి తీశాడు. పోట్లాడ్డానికే అయినా ఒకరింటికి ఉత్త చేతులతో పోవడం చేతకాక, సంచిలో ఇంత పాలకూర పెట్టుకున్నాడు. ఆరాంఘర్ చౌరస్తాలో ట్రాఫిక్ మధ్య ఆగినప్పుడల్లా అడగాల్సిన మాటలు వల్లెవేసుకున్నాడు.

గేటు తీసింది జ్ఞానప్రసూనాంబే.

"రండి రండి బుచ్చయ్య గారూ! లోపలికి రండి."

"అమ్మా, మీరు పెద్దోళ్లు. మీరంటే నాకు శానా గౌరవం," బుచ్చయ్య గేటు దగ్గరే మొదలుపెట్టాడు. "గని నా బిడ్డకు గీ పరాయి దేశం ముచ్చట ఎందుకు చెప్పిన్రు?"

"అయ్యో, నేనా? కలెక్టరు పోస్టే ముందు పెట్టుకోమ్మా అని ఎన్నాళ్లుగానో నచ్చజెబుతున్నానండీ. మీ అమ్మాయి వింటేగా!"

పోట్లాడ్డానికి వచ్చినవాడికి ఎదురు మనిషే లేకుండా పోయింది. పాలకూర సంచి మాత్రం చేతిలో మిగిలింది. దాన్ని పట్టాభిరామయ్య అందుకున్నారు.

"మంచి వేళకొచ్చారు. మా ఆవిడ ఛైర్మను, నేను మెంబర్ని. ఇంటర్వ్యూ బోర్డులో మూడో కుర్చీ ఖాళీగా ఉంది, కూర్చోండి."

"నాకేమస్తది సార్?"

"మీరు నన్ను అడగాలని వచ్చిన ప్రశ్నే అమ్మాయిని అడగండి," అన్నారు జ్ఞానప్రసూనాంబ. "కాకపోతే ఇక్కడ తను మీ కూతురు కాదు, మీరు తండ్రి కాదు. సరేనా?"

పక్కగదిలోంచి నూలు చీరలో సంతోషి వచ్చింది. మూడో కుర్చీలో తండ్రిని చూసి గడప దగ్గర ఒక్క క్షణం ఆగింది. తర్వాత మేడమ్‌కూ సార్‌కూ గుడ్ మార్నింగ్ చెప్పి, తండ్రి వైపు తిరిగి, "గుడ్ మార్నింగ్ సర్," అంది. బుచ్చయ్య గాభరాగా లేవబోతే పట్టాభిరామయ్య మోచేయి పట్టుకుని ఆపారు.

కాసేపు ప్రశ్నలన్నీ ఇంగ్లీషులో నడిచాయి. మాటలు అర్థం కాకపోయినా బుచ్చయ్య బిడ్డనే చూస్తూ కూర్చున్నాడు. ఇంట్లో ఒకచోట కుదురుగా నిలవని పిల్ల ఎంత నిదానంగా మాట్లాడుతోంది! తెలియనిది తెలియదని ఎంత హాయిగా ఒప్పుకుంటోంది!

అతని వంతు వచ్చింది. గొంతు సవరించుకున్నాడు.

"కలెక్టర్ అయితే నలుగురికి మంచి చేస్తరు. అయినోళ్లకు దగ్గరుంటరు. గా నౌకరి ఇడిసిపెట్టి మీరు దూరం పోతనంటున్నరు. ఎందుకు?"

బిడ్డను 'మీరు' అనడం అతనికి అదే మొదలు.

సంతోషి కొంచెం ఆలోచించి తెలుగులోనే చెప్పింది. "మా ఊర్ల బోరు నీళ్ల కాడ జగన్ వాళ్లకు, మొగులయ్య వాళ్లకు లొల్లి అయింది సర్. కర్రలు తీసిన్రు. అప్పుడు మా బాపు రెండిండ్లకు తిరిగిండు. ఒకరింట్ల తిట్లన్ని ఇని, రెండో ఇంట్ల తిట్లు తీసేసి వాళ్లు అడిగిందొక్కటే చెప్పేటోడు. రెండు తావుల చాయ తాగేటోడు. నేను వెంట పోయేదాన్ని. దేశాల నడుమ గూడ గట్ల తిరిగేటోళ్లు ఉంటరని పెద్దగైనంక పుస్తకంల చదివిన. గా పని నాకు చిన్నప్పటి సంది ఇష్టం సర్."

బుచ్చయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. అయినా మెంబరుగా ఇంకో ప్రశ్న అడగక తప్పదనిపించింది.

"మరి గా పంచాయితీ తెగిందా?"

"తెగలేదు సర్. ఇయ్యాల్టికి వాళ్లకు మాటల్లేవు." మెల్లగా అంది: "గని మళ్ల ఎన్నడు కర్రలు తియ్యలేదు."

జ్ఞానప్రసూనాంబ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "నేనిక ఏ పోస్టు ముందు పెట్టాలని చెప్పనమ్మా," అన్నారు. "నీ ఇష్టమే."

తిరుగుదారిలో బండి వెనక కూర్చుని సంతోషి అడిగింది. "కోపం పోయిందా బాపూ?"

"నన్ను సార్ అన్నవు గద. ఇగ కోపమేడిది?" కొంతదూరం పోయాక అతనే అడిగాడు. "అక్కడ తిండి ఎట్ల మరి?"

"వండుకుంట."

"నీకు అన్నం వార్చుడే రాదు గద బిడ్డా!"

ఇద్దరూ నవ్వుకుంటూ ఇల్లు చేరారు. ఆ రోజు నుంచే సక్కుబాయి కూతుర్ని పొయ్యి దగ్గర నిలబెట్టింది.

ఢిల్లీలో ఇంటర్వ్యూ అయిపోయి, ఎండాకాలం రిజల్ట్ వచ్చింది. కోరుకున్న సర్వీసుకు సరిపడా ర్యాంకే వచ్చింది. ఏ జిల్లాకని మార్కెట్లో అందరూ అడుగుతుంటే, "జిల్లా కాదు, దేశం. ఏ దేశమో సర్కారు చెప్పాలె," అని బుచ్చయ్య ఓపిగ్గా వివరించాడు. కొందరికి అర్థమైంది, కొందరికి కాలేదు.

ట్రైనింగుకు పోయే రోజున ముగ్గురూ ఎయిర్‌పోర్టుకు వచ్చారు. టికెట్ లేనివాళ్లు లోపలికి పోకూడదు గనుక ద్వారం దగ్గరే ఆగారు. సక్కుబాయి బిడ్డ చెంపలు నిమిరి కళ్లు ఒత్తుకుంది. కాళ్లకు మొక్కబోయిన సంతోషిని బుచ్చయ్య లేపి పట్టుకున్నాడు.

"అవతలోళ్లు చెప్పేది పూర్తిగ ఇను బిడ్డా. మంచిగ తిను."

ఆమె తలూపి, బ్యాగు లాక్కుంటూ లోపలికి నడిచింది. అద్దాల అవతల జనంలో కాసేపు కనబడి, ఆ తర్వాత కనబడలేదు.

"ఇగ పోదామా?" అంది సక్కుబాయి.

"జర ఆగు," అన్నాడు బుచ్చయ్య, ఆమె చెయ్యి పట్టుకుని.