అవిసె నూనె ముద్ద

"చపాతీ పిండి ఇంత గట్టిగా కలిపావేంటి?" అన్నాడు మా ఆయన ఫణిధర్. ఆదివారం పొద్దున్నే ఫ్రిజ్ తెరిచి, గిన్నెలోంచి ఓ ముద్ద తుంచి నోట్లో వేసుకుని మరీ అన్నాడు. అది చపాతీ పిండి కాదు మహానుభావా, నా తేనెటీగల తిండి! సోయా పిండి, పంచదార పొడి, అవిసె నూనె. ఉమ్మడానికి సింకు దగ్గరికి పరిగెత్తాడు. నేను పడీ పడీ నవ్వాను.

"మొగుడికి నిన్నటి పులుసు, ఈగలకి అవిసె నూనె!" హాల్లోంచి మా అత్తగారు మంగాయమ్మ అన్నారు.

నిన్నటి పులుసు తినేది నేనని ఆవిడకీ తెలుసు. ఆయన ఉద్యోగం కోసం యానాం నుంచి పాండిచ్చేరి వచ్చాం గానీ వంటింటి పద్ధతి మాత్రం వెంటే వచ్చింది. ముందు ఆయన, ఆయన లేచాక అత్తగారు, ఆఖర్న నేను, నిలబడి, గిన్నె అడుగున ఏం మిగిలితే అది. నేను పాఠాలు చెప్పే కాలేజీ ల్యాబ్‌లోనూ అంతే. పువ్వులు తగ్గే ఎండాకాలంలో ఈగలకు పెట్టే పిండిలో ఏ నూనె కలిపితే మంచిదో చూద్దామంటే, "ఇది వంటింటి ఆలోచనమ్మా" అని నవ్వేశారు ల్యాబ్ పెద్ద రఘునాథన్ సార్. సరే, వంటింటిదే! సెలవుల్లో నేనే పిండి కలిపి, కొన్ని తేనెటీగల పెట్టెలకు పొద్దుతిరుగుడు నూనెతో, కొన్నింటికి అవిసె నూనెతో పెట్టాను. ఇవాళ తెరిచి చూడాలి. తేడా లేకపోతే సార్ నవ్వే గెలుస్తుంది.

"భోజనం వేళకి వచ్చెయ్, నాకు ఆకలాగదు," స్కూటర్ తీస్తుంటే వెనక నుంచి ఫణిధర్.

ఊరి పక్కనే కిరుమాంబాక్కంలో, అంగమ్మాళక్క కొబ్బరితోటలో ఉన్నాయి నా పెట్టెలు. పొద్దుతిరుగుడు నూనె పెట్టెలో అరలు సగం ఖాళీ. అవిసె నూనె పెట్టె మూత తీసి చట్రం పైకెత్తాను. అమ్మో! అర అరకీ తెల్లటి పిల్లపురుగు, పాలలో మునిగి! ముద్ద పెట్టిన చోట పిసరైనా మిగల్లేదు. చేతిలో చట్రం ఉంది గానీ లేకపోతే గంతులేసేదాన్ని.

"ఏంది పాపా, ఏడస్తా ఉండావా, నవ్వతా ఉండావా?"

"రెండూనక్కా!"

"అయితే మనం పెట్టిన పిండి పిల్లలకి పెట్టేసినాయా అవి?"

"లేదక్కా. పిల్లల్ని సాకే ఈగ ముందు తను కడుపునిండా తింటుంది. అప్పుడే దాని తలలో పాలు ఊరతాయి. ఆ పాలే పిల్లలకి."

"ముందు అదే తింటాదా!" అక్క బుగ్గలు నొక్కుకుంది. "మనకెవురూ చెప్పలేదే!"

ఈ సంగతి నేను ఎన్ని క్లాసుల్లో చెప్పానో. అక్క నోట వింటే గానీ నా చెవికెక్కలేదు. అక్కడి నుంచే సార్‌కి ఫోటోలు పంపి, "వచ్చే మీటింగ్‌లో దీని గురించి నేనే మాట్లాడతాను సార్" అని కింద రాశాను.

ఇంటికొచ్చేసరికి ఫణిధర్ టేబుల్ ముందు కూర్చుని ఉన్నాడు. "ఎంతసేపు? వడ్డించు."

పొద్దున వండిన అన్నం, పప్పు, వేపుడు తెచ్చి టేబుల్ మీద పెట్టాను. ఒక కంచం తీసుకున్నాను. బాగా వేగిన ముక్కలు ఏరి వేసుకుని, పప్పు మీద నెయ్యి పోసుకుని, కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"మరి నాకో?"

"గిన్నెలు నీ ముందే ఉన్నాయి. నాకు చాలా ఆకలిగా ఉంది," అని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

హాల్లోంచి వచ్చిన అత్తగారు నా వంక చూశారు, కొడుకు వంక చూశారు. నా పక్క కుర్చీలో కూర్చుని ఇంకో కంచం ముందుకు లాక్కున్నారు.

"ఆ నెయ్యి ఇలా ఇయ్యవే."