చివరి వరస

తడిగుడ్డతో కుర్చీల చేతులు తుడుచుకుంటూ పొగాయన చివరి వరసకు వచ్చేసరికి బయట వాన మొదలైంది. ముందు వరసలను ఆయన చకచకా తుడిచేసేవాడు. చివరి వరస దగ్గర మాత్రం గుడ్డను మళ్ళీ పిండి, ఒక్కో కుర్చీనీ ఇంటి సామానులా శుభ్రం చేసేవాడు. ఒంటి మీద భార్య కుట్టిపెట్టిన ఖాకీ కోటు. దాని మోచేతుల దగ్గర అతుకులు కూడా ఆమె వేసినవే.

ఆ సంగీతశాలలో ఊడవడం, తుడవడం, దీపాలు చూసుకోవడం ఆయన పని. కచేరీ ఉన్న రోజున ఇంకో పని ఉండేది, పొగాయన అన్న పేరు తెచ్చిపెట్టిన పని. వేదిక అంచున ఇత్తడి గిన్నెలో బొగ్గులు రాజేసి, నివురు కప్పి, పైన చిన్న అగరు చెక్క పెట్టేవాడు. చెక్క మండకూడదు, వేడికి చెమర్చాలి. ఆ పరిమళం చివరి వరసకు చేరగానే ఆయన అక్కడి నుంచి చెయ్యెత్తేవాడు. అప్పుడే తెర తీసేవారు.

ఈ ఏర్పాటు పాటలమ్మది. వయసులో ఉండగా ఆమె మొదటిసారి అక్కడ పాడడానికి వచ్చినప్పుడు, "అన్నయ్యా, వెనకవాళ్ళ దాకా ఈ వాసన వెళ్ళిందంటే నా పాటకి దారి దొరికినట్టే," అంది. మిగతా గాయకులూ అదే అలవాటు చేసుకున్నారు. తెర మీద బొమ్మలు వేసిన చిత్రకారుడు కూడా సన్నని నీలిపొగను ఒకటి గీసి, దాని కొసన పిట్టను కూర్చోబెట్టాడు.

పాటలమ్మ పాడే పదాలలో నాయిక అగరు పొగలో జుట్టు ఆరబెట్టుకునేది. పొగాయన ఇంటికి వెళ్ళి ఆ సంగతి చెబితే, "దానికి వంటా వార్పూ లేవేమో పాపం," అనేది భార్య, కుట్టుమిషను ఆపకుండానే.

పోయిన చలికాలం ఆయనకు జ్వరం వచ్చింది. అది పోతూ పోతూ ముక్కును కూడా పట్టుకుపోయింది. తడిమట్టీ, కిరసనాయిలూ, అగరూ అన్నీ ఒకటే అయిపోయాయి. ఎవరికీ చెప్పలేదు. మీట నొక్కితే పరిమళం చిమ్మే యంత్రం ఒకటి కొందామని మేనేజరు అప్పటికే అంటున్నాడు. అందుకని ఆయన చివరి వరసలో కూర్చున్నవాళ్ళ ముఖాలు చూడడం నేర్చుకున్నాడు. వాసన చేరగానే కబుర్లు మధ్యలో తెగిపోయేవి. ఎవరిదో గడ్డం కాస్త పైకి లేచేది. పిల్లవాణ్ణి కసురుతున్న తల్లి కసరడం మరిచిపోయేది. అప్పుడు చెయ్యెత్తేవాడు. ఇంతవరకూ గురి తప్పలేదు.

గొంతుకు ఆపరేషనయ్యాక పాటలమ్మ మళ్ళీ పాడబోయేది ఆ సాయంత్రమే. మెడకు శాలువా చుట్టుకుని ముందే వచ్చింది.

"గొంతు గరగరమంటోంది అన్నయ్యా. పాడొచ్చన్నాడు డాక్టరు. పాడితే వింటారని మాత్రం అనలేదు."

పొగాయన చెక్కను పటకారుతో తిప్పి, తెల్లటి కట్టెలోని నల్లటి చారను చూపించాడు. "చెట్టుకి గాయమైన చోటే ఈ వాసన ఊరుతుందమ్మా. మిగతాదంతా పొయ్యిలోకి పనికొచ్చే కట్టె."

"ఇది ఓదార్పా, వెక్కిరింపా?"

"ఏది కావాలంటే అది తీసుకోండి."

ఆమె నవ్వింది. వెంటనే ముఖం చిన్నబోయింది. "ఇవాళ నీ చెయ్యి చూశాకే నోరు తెరుస్తాను. లేకపోతే నావల్ల కాదు."

వాన తగ్గలేదు. వచ్చిన కొద్దిమందినీ మేనేజరు ముందుకు పిలిచి కూర్చోబెట్టాడు. చివరి వరస ఖాళీ. చూద్దామంటే ఒక్క ముఖం లేదు. పొగాయన గట్టిగా గాలి పీల్చాడు. ఏమీ తెలియలేదు. ఉజ్జాయింపుగా ఎత్తేద్దామని చెయ్యి సగం దాకా లేపి, దించేశాడు. ఆమెను ఇవాళ మోసం చెయ్యలేడు. వానలో రోడ్డు దాటి ఇంటికి పరుగెత్తాడు.

"ఒకసారి హాలుకి రావే. చివరి వరసలో కూచోవాలి."

"ఇన్నేళ్ళకి పాట వినిపిస్తానంటున్నాడు మహానుభావుడు, అదీ జోరువానలో!" అంటూనే ఆమె గొడుగు తీసింది.

కూర్చున్నాక ఆయన ఆమె చెవి దగ్గరకు వంగాడు. "వాసన వస్తోందా?"

"నీ ముక్కుకేమైంది?"

"చలికాలం నుంచీ లేదు."

ఆమె ఆయన వైపు తిరిగింది. "మాడిన కూర బాగుందని తిన్నది ఇందుకా? నా చెయ్యి తిరిగిందనుకుని మురిసిపోయానయ్యా."

"ముందు ఈ సంగతి చెప్పు."

ఆమె గాలి పీల్చింది. "వస్తోంది. కానీ అది గిన్నెదో నీదో ఎలా చెప్పను? నీ కోటుకీ ఇదే, మన దుప్పట్లకీ ఇదే." తెర సందులోంచి పాటలమ్మ తొంగిచూస్తోంది. "నువ్వు దూరం పో. ఆ వేదిక పక్కకి. నువ్వు లేకుండా కూడా వస్తే, అప్పుడు వచ్చినట్టు."

ఆయన వెళ్ళి వేదిక పక్కన నిలబడి వెనక్కి తిరిగాడు. మసక వెలుతురులో భార్య చిన్నగా కనిపించింది. ఒళ్ళో గొడుగు. ఎవరో దగ్గారు. మేనేజరు గడియారం చూసుకున్నాడు. ఆమె కదలలేదు. చాలాసేపటికి ఆమె గడ్డం కాస్త పైకి లేచింది. ఆ వెంటనే గొడుగుతో సహా చెయ్యి లేచింది.

తెర జరిగింది. మొదటి చరణంలో గొంతు వణికింది. తర్వాత ఆ గరగర మీదే కాలూని పైకి వెళ్ళింది. జుట్టు ఆరబెట్టుకునే నాయిక దగ్గరికి పాట వచ్చినప్పుడు, చివరి వరసలో భార్య తనకు తెలియకుండానే ముడి సవరించుకోవడం ఆయన చూశాడు.

"పరవాలేదు నీ పాట," అంది ఇంటికి వెళుతూ.

"వంటా వార్పూ లేనిదేగా?"

"ఉండే ఉంటాయి. తీరిక చేసుకుందేమో."

మరుసటి చలికాలం ఆయన దాటలేదు. ఒక ఉదయం నిద్రలోంచి లేవలేదు, అంతే.

మేనేజరు యంత్రం తెప్పించాడు. పాటలమ్మ దాన్ని ఎగాదిగా చూసి, "ఇది నాకు చెయ్యెత్తుతుందా?" అని అడిగింది. తర్వాత రోడ్డు దాటి కుట్టుమిషను పక్కన కూర్చుంది. "వదినా, సాయంత్రం వస్తావా?"

ఆమె వచ్చింది. బొగ్గులు రాజేసి, నివురు కప్పి, చెక్క పెట్టి, చివరి వరసలో కూర్చుంది. ఆ రోజు హాలు నిండుగా ఉంది. పక్కన ఆయన లేడు. గాలిలో ఏమీ లేదు. ఆమె ఎదురుచూసింది. మెల్లగా, దూరం నుంచి నడిచి వచ్చినట్టు, వచ్చింది. ఆమె చెయ్యెత్తింది.

గిన్నె వాసనా కోటు వాసనా కలిసిపోకుండా ఆమె ముందే ఆయన కోటును దూరంగా, ఆ రాత్రి ఆయన నిలబడ్డ చోట, వేదిక పక్క మేకుకు తగిలించింది. తెర జరిగిన గాలికి అతుకు వేసిన దాని చెయ్యి కొంచెం కదిలింది.