కుడికి రెండు పలకలు

పెద్దకోడలికి చూపు మందగించిందన్న సంగతి ఆ ఇంట్లో చిన్నకోడలికి ఒక్కదానికే తెలుసు. దగ్గరివన్నీ బాగానే కనిపిస్తాయి. బౌలింగ్ లేన్‌ మీద ఆ చివర, పడగొట్టాల్సిన కొయ్య పిన్నుల వైపు దొర్లే బంతి మలుపు తిరిగే చోటు మాత్రం మసక. కళ్ళజోడు పెట్టినా లాభం లేకపోయింది. బయటపడితే క్లబ్బు జట్టులోంచి తీసేస్తారని గుట్టుగా నెట్టుకొస్తోంది.

లేన్ చెక్కపలకల మీద పూసిన నూనె ఎవరి కంటికీ ఆనదు. నూనె ఉన్నచోట బంతి జారుతుంది, ఆరినచోట పట్టు దొరికి ఎడమకు తిరుగుతుంది. పోటీ పోటీకీ ఆ పూత మారుస్తారు. బంతి ముందే తిరిగితే మనిషి ఎడమకు జరగాలి, తిరగకుండా జారిపోతే కుడికి. ఎక్కడ తిరిగిందో చిన్నకోడలు చూసి చెప్పేది, ఎన్ని పలకలు జరగాలో పెద్దకోడలు తేల్చేది. తోడికోడళ్ళంటే వీళ్ళేనని అత్తగారు ఊరంతా చాటింపు వేసింది.

పెద్ద పోటీకి క్లబ్బు నుంచి ఒక్కరినే పంపుతారు. ఎంపికలో చివరికి మిగిలింది వీళ్ళిద్దరే. పెద్దకోడలికి అదే ఆఖరి అవకాశం. వచ్చే ఏడాదికి పిన్నులు కూడా కనిపించవేమో! నిన్నగాక మొన్న బంతి పట్టిన పిల్ల నెత్తికెక్కడమా? ఆవిడకి కడుపు రగిలిపోయింది.

సగం ఆటకే నూనె ఆరిపోయింది. చిన్నకోడలు ఆదరాబాదరాగా వచ్చింది. "అక్కా, బంతి ముందే తిరిగిపోతోంది. ఎటు జరగను?"

నిద్రలో లేపి అడిగినా పెద్దకోడలు ఎడమకనే చెప్పగలదు.

"కుడికి రెండు పలకలు జరుగు," అంది.

బంతి ఇంకా ముందే తిరిగి పిన్నులకు మొహం చాటేసింది. మళ్ళీ అడిగితే, "ఇంకో రెండు," అంది. తన వంతు రాగానే మాత్రం, "ఎక్కడ తిరిగిందే?" అని అడిగింది. పిచ్చిపిల్ల ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పెద్దకోడలు ఎడమకు జరిగి గెలిచింది.

ఓడినామె వెక్కివెక్కి ఏడుస్తుంటే వీపు నిమిరి, "నీకింకా వయసుంది లేవే," అంది. సిగ్గు వదిలేసిన మనిషికి ఓదార్చడం కూడా బాగానే వస్తుంది. చిన్నకోడలు కళ్ళు తుడుచుకుని, అక్క నిలబడి బంతి వేసిన పలకలకేసి చాలాసేపు చూసింది. పెద్దకోడలు దాన్ని పట్టించుకోలేదు.

పెద్ద పోటీకి తోడుగా ఒకరిని తెచ్చుకోవచ్చు. "నువ్వు రాకపోతే నేను గుడ్డిదాన్నే," అని పెద్దకోడలు బతిమాలింది.

"రాకుండా ఎలా ఉంటానక్కా?" అంది చిన్నకోడలు.

మొదటి బంతి మసకలోకి దొర్లిపోయింది. రెండు మూడు పిన్నులు పడ్డ చప్పుడు. పెద్దకోడలు వెనక్కి తిరిగింది. "ఎక్కడ తిరిగిందే?"

చిన్నకోడలు నింపాదిగా తువ్వాలు మడతపెట్టింది. "అస్సలు తిరగలేదక్కా. కుడికి రెండు పలకలు జరుగు."

నిజమైతే జరగాల్సింది కుడికే. అబద్ధమైతే ఈ పూటతో ఆట ముగిసినట్టే. తోడికోడలి మొహం మూరెడు దూరంలో, రెప్పవెంట్రుకలతో సహా కనిపిస్తోంది. ఆ మొహంలో కోపం లేదు, నవ్వు లేదు.

"జరుగక్కా. నేను చూస్తున్నాగా," అంది చిన్నకోడలు.

పెద్దకోడలు కుడికి జరిగింది.