మచ్చల నూలు మీద పేరు

కోడలు ఝాన్సీ నూలుకి రంగెయ్యడం మొదలెట్టిన దగ్గర్నుంచీ జగన్నాధం వాకిట్లో ఉమ్మడం ఎక్కువైంది.

ఉమ్మడానికి ఆయన దగ్గర కారణం ఉంది. ఆ వీధిలో మగ్గాలు ఆడినన్నాళ్లూ చిలపలకి రంగు పట్టించే పని ఆయనదే. చిలప అంటే జడకుచ్చులాగ వదులుగా చుట్టి ముడేసిన నూలు. దాన్ని కర్రకి తగిలించి, మరిగే తొట్టిలో దించి, చెయ్యి ఆపకుండా తిప్పుతూ ఉండాలి. తిప్పితేనే రంగు అంతటా ఒకేలాగ ఎక్కుతుంది. చెయ్యి ఆగిందా, మచ్చ. మచ్చ పడిన చిలపని జగన్నాధం గడప దాటనిచ్చేవాడు కాదు. పెంటమీద పారేసి, కసి తీరక దానిమీద ఇంకో గంపెడు పేడ వేయించేవాడు. సంతలో ఎవరి ఒంటిమీదైనా మంచి నీలం చీర కనబడితే, "జగన్నాధం నీలమేటి?" అని అడిగేవారు జనం.

తర్వాత మగ్గాలు పోయాయి. కొన్ని పొయ్యిలోకి పోయాయి. ఒకదాని చట్రానికి వల కట్టి పక్కింటి గంగులు కోళ్లగూడు చేసుకున్నాడు. జగన్నాధం రంగులపాకకి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకుని తిరిగాడు. కొడుకు గిరిబాబు సాలూరు లారీ ఎక్కాడు. ఎక్కితే మళ్లీ ఎప్పుడు దిగుతాడో వాడికే తెలియదు. ఆ మొలతాడు మీద తాళంచెవిని ఒకరోజు కోడలు అడిగింది. ఇచ్చాడు. పాకలో మళ్లీ పొగ లేస్తుందని సంబరపడి మరీ ఇచ్చాడు.

లేచింది పొగ. ఆ పొగ కింద జరిగేది చూశాక ఆయన తల పట్టుకున్నాడు. ఝాన్సీ చిలపని తొట్టిలో సగం ముంచేది, సగం గట్టున పడేసేది. మీద ఇంకో రంగు చల్లేది. అన్నం వార్చడానికి వెళ్లిపోయేది. ఇదంతా ఫోన్‌లో ఎవరో పిల్లని చూసి నేర్చుకుందట.

"తిప్పవే! తిప్పు!" అని గట్టుమీంచి అరిచేవాడు ముసలాయన.

"తిప్పకూడదు మావా. మచ్చలు పడాల."

"మచ్చలు పడాలా? దానికి నువ్వెందుకు? కోడిని దించినా పడతాయి."

"కోడి నీళ్లు తోడదు కద మావా. అందుకని నాను," అనేది ఝాన్సీ, తల కూడా ఎత్తకుండా.

ఆ నూలు కొనేవాళ్లున్నారు. అదే ఆయనకి అస్సలు మింగుడుపడలేదు. విశాఖపట్నంలో ఉష అని ఒకావిడ, ఊలు దారాలూ అల్లిక సూదులూ అమ్మే కొట్టు పెట్టుకుంది. ఈ మచ్చల చిలపలు ఆవిడే తీసుకునేది. వాటితో మెడకి చుట్టుకునే గుడ్డలు అల్లుతారట.

"ఆ ఎండలో, ఆ చెమటలో, మెడకి గుడ్డలేటే? పిచ్చాసుపత్రి దగ్గరేటి ఆ కొట్టు?"

పైగా రంగులకి పేర్లు. నీలానికి పేరు 'తుఫాను ముందు సముద్రం'. పసుపు కలిసి పాడైన ఆకుపచ్చకి పేరు 'తొలివాన'. జగన్నాధం విని విని, "నీలం నీలమే. మిగతాదంతా మీ బొంద," అని తుండు దులుపుకుని లేచిపోయాడు.

అంతవరకూ నోటితో పోయింది. చీటీల కట్ట వచ్చాక నోటితో పోలేదు.

ప్రతి చిలపకీ దారంతో కట్టే అట్టచీటీలు అవి. దానిమీద ఆయన ఫోటో. ఆయన వేపపుల్ల నములుతుండగా ఝాన్సీ తీసింది. పుల్లని చెరిపించేసింది. పుల్ల పోయింది గాని, మూతి అలాగే వంకరగా ఉండిపోయింది. చూసేవాడికి ముసలాయన మురిసిపోతున్నట్టుంటుంది. కింద పెద్ద అక్షరాలు: 'జగన్నాధం చేతి రంగు'. ఆ రెండో మూడో తరగతి దాకా వెలగబెట్టిన చదువు ఆయనకి ఈ మూడు మాటలూ చదవడానికి పనికొచ్చింది.

గంగులు కర్ర పొడుచుకుంటూ వచ్చి చీటీ తీసుకుని కంటికి ఆనించుకున్నాడు. "నీ బొమ్మే బావా. నవ్వుతన్నావు. ఏటికి నవ్వుతన్నావు? ఈ నూలుకేటి?"

జగన్నాధం తిన్నగా పాకలోకి వెళ్లాడు.

"నా పేరు తీసీ."

"పేరు తీసెస్తే కొనరు మావా. 'పెద్దాయన సేత్తో సేసినాడు' అంటేనే తీసుకుంతారు ఆళ్లు."

"నాను సెయ్యలేదు కదే!"

"నిప్పెడతన్నావు, నీళ్లు తోడతన్నావు, రోజంతా తిడతన్నావు. ఇంకేటి సెయ్యాల?"

"అయితే నన్నే ఎయ్యనీ. ఒక్క మచ్చ లేకుండా ఏస్తాను. అప్పుడు కట్టు నా పేరు."

"మచ్చలకే గిరాకీ మావా," అంది ఝాన్సీ. ఆ మాటలో ఎకసెక్కం లేదు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. ఆయనకి ఒళ్లు మండింది అందుకే.

అలా ఉండగా ఉష నుంచి పెద్ద బేరం వచ్చింది. 'తుఫాను ముందు సముద్రం' బుట్టల కొద్దీ కావాలి. అది నచ్చితే నెలనెలా తీసుకుంటానంది. నెలనెలా అంటే గిరిబాబు లారీ దిగిపోయి, పాకలోనే పని చూసుకోవచ్చు. ఝాన్సీకి కావలసింది అదే. ఆమె వారమంతా తొట్టి దగ్గరే పడి ఉండి ఆ నూలంతా చేసింది. వాకిట్లో కర్రల మీద ఆరేసింది. ఈలోగా పాతపట్నంలో అక్కకి ఒంట్లో బాగోలేదని కబురొచ్చింది.

"ఇయ్యాల ఎల్లి రేపు వచ్చెస్తాను మావా. ఆరితే లోపలెట్టు. ఇంకేటీ సెయ్యకు."

ఇంకేటీ సెయ్యకు! పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ రంగులో మునిగి, గోళ్లసందుల్లో ఇప్పటికీ నీలం పోని మనిషితో, నిన్నగాక మొన్న ఫోన్ చూసి నేర్చుకున్న పిల్ల అనే మాట అది.

ఆమె ఆటో మలుపు తిరిగింది. జగన్నాధం వాకిట్లో కూర్చుని నూలుని చూశాడు. ఒకచోట చిక్కటి నీలం, ఒకచోట నీరసం, ఒకచోట ఎవరో తిని కడుక్కున్న పళ్లెంలాగ తెలుపు. అరుగు మీద చీటీల కట్ట. పై చీటీలో తనే, మూతి వంకరపెట్టి, ఇది నా పనే అని ఊరందరికీ చెబుతున్నట్టు నవ్వుతూ.

లేచి పొయ్యి అంటించాడు.

మచ్చ కప్పాలంటే పైన ముదురు రంగు పట్టించాలి. నూలు ముందు తడిపాడు. రంగు కలిపి, ఉప్పు కొద్దికొద్దిగా వేసి, కర్ర దించాడు. తిప్పాడు. మోచేతులు నొప్పెట్టాయి, నడుం పట్టేసింది, అయినా చెయ్యి ఆపలేదు. ఎన్నాళ్లకో ఒంటికి పని తగిలింది. ఒక్క తిట్టు కూడా నోటికి రాలేదు ఆ పూట. పొద్దు వాలేసరికి వాకిట్లో నూలంతా ఒకే నీలం. ఎక్కడ పట్టుకున్నా ఒకటే.

చూపించుకోవడానికి మనిషి కావాలి కదా. గంగుల్ని పిలిచాడు.

"సూడు బావా. ఎక్కడైనా తేడా ఉందేటి, సెప్పు."

గంగులు చుట్టూ తిరిగి చూశాడు. "అంతా ఒకేలాగుంది."

"మరేటనుకున్నావు!"

"కంట్లో పొర కద బావా. నువ్వూ గోడా కూడా నాకు ఒకేలాగ కనబడతన్నారు."

మర్నాడు ఝాన్సీ వచ్చింది. సంచి కింద పెట్టకుండానే, "నా నూలేదీ మావా?" అంది.

"అదిగో. మనిషిలాగ సేసినాను దాన్ని."

ఆమె ఒక చిలప ముట్టుకుంది. ఇంకోటి ముట్టుకుంది. అన్నీ చూసి గడప మీద కూలబడింది. ఏడుస్తుందేమోనని ఆయన కాస్త బెదిరాడు. ఏడవలేదు. ఫోన్ తీసి, ఉషకి కలిపి, నూలు చూపించింది. ఆవిడ గొంతు వాకిలంతా వినబడింది.

"అయ్యో, ఇదేంటండీ ఝాన్సీ గారూ? ఇది మిల్లు నూలులా ఉంది కదా! ఇలాంటిది బజార్లో ఎక్కడైనా దొరుకుతుంది."

మిల్లు నూలు. జగన్నాధం చెవులారా విన్నాడు. మిల్లు గుడ్డ వచ్చే కదా ఆ వీధిలో మగ్గాలు కోళ్లగూళ్లయింది. బతుకంతా ఏ పనితనాన్ని చూసుకుని మీసం తిప్పాడో, అది చూసి ఆ పట్నం మనిషి మిల్లు అంది.

ఝాన్సీ చీటీల కట్ట తీసి రేకుపెట్టెలో పెట్టి మూత వేసింది.

"నువ్వన్నట్టే మావా. నీ పేరు తీసెస్తన్నాను. ఇంక నీకు తలవంపు లేదు."

అడిగింది దక్కితే సంతోషంగా ఉండాలి. లేదు. మర్నాటి నుంచి ఆమె నిప్పు తనే పెట్టుకుంది, నీళ్లు తనే తోడుకుంది. పొగకి దగ్గుతోంది గాని పిలవలేదు. జగన్నాధం గోడనీడన కూర్చుని, "అది పుల్లలు పేర్చడమేటి, పిచ్చికగూడు!" అన్నాడు. జవాబు రాలేదు. "ఉప్పంతా ఒక్కసారే పోసీసింది, మహాతల్లి!" అన్నాడు. దానికీ జవాబు లేదు. తిట్టుకి జవాబు రాకపోతే ఆ తిట్టు తిట్టినవాడి నోట్లోనే చేదుగా మిగిలిపోతుంది.

ఆ నీలం చిలపలు అటక మీద పడి ఉన్నాయి. గంగులు పెళ్లాం ఈశ్వరి వచ్చి అడిగింది. "అన్నయ్యా, మల్లెమొగ్గలు కట్టుకుంతాను, ఒక చిలప ఇయ్యవూ?"

ఇచ్చాడు. ఆమె ఒక పోగు లాగి తెంపి చూసింది. "మంచి దారం. గట్టిగుంది."

"రంగు సూడవే!"

"దండలో దారం రంగు ఎవులు సూస్తారన్నయ్యా?" అని ఒళ్లో పెట్టుకుని పోయింది.

ఆ సాయంత్రమే ఝాన్సీ కొత్తగా చేసిన మచ్చల నూలుని ఉషకి ఫోన్‌లో చూపిస్తుంటే గోడవతల ఆయన విన్నాడు.

"నూలు బాగుందండీ. పెద్దాయన చీటీ ఏది? అది లేకపోతే మా వాళ్లు తీసుకోవడం కష్టం. ఈసారికి సగమే పంపండి."

"ఆయన ఒప్పుకోలేదండీ. ఆయన పేరు ఆయనిష్టం," అంది ఝాన్సీ.

చీటీలు పెట్టెలోనే ఉన్నాయి. కట్టి పంపేస్తే విశాఖపట్నంలో ఎవడికి తెలుస్తుంది? కట్టలేదు. ఈ పిల్లకి రంగు తెలియదు, ఉప్పు తెలియదు, పుల్లలు పేర్చడం తెలియదు. ఈ ఒక్కటీ ఎక్కడ నేర్చుకుందో.

పొద్దున్నే పాకలోకి వెళ్లి నిలబడ్డాడు.

"ఒక చిలప ఇయ్యి."

"ఎందుకు మావా?"

"మచ్చ ఏస్తాను."

ఝాన్సీ ఎగాదిగా చూసి ఇచ్చింది. ఆయన కర్రకి తగిలించి దించాడు. దించాడో లేదో, చెయ్యి దానంతటదే తిప్పేసింది. తీసి చూస్తే ఒకటే నీలం. ఇంకోటి తీసుకున్నాడు. పళ్లు బిగపట్టి దించాడు. అదీ తిరిగిపోయింది.

"మావా, నీకు సెడగొట్టడం కూడా రాదేటి?"

"నోర్ముయ్యి. ఇంకోటి ఇయ్యి."

"ఇస్తాను. సేతులు ఎనక్కి కట్టుకో."

వయసొచ్చిన మనిషి, బడిలో తప్పు చేసిన కుర్రాడిలాగ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఝాన్సీయే చిలప దించి పక్కకి తప్పుకుంది. నూలు కదలకుండా నీళ్లలో కూర్చుంది. అడుగున నీలం తాగుతోంది. పైన కర్ర దగ్గర తెల్లగా ఉండిపోతోంది. చూస్తూ ఉండగా, కళ్లెదురుగా, పాడైపోతోంది. వీపు వెనకాల ఆయన వేళ్లు అక్కడ లేని చిలపని తిప్పుతున్నాయి.

"కదలకు మావా."

"కదల్లేదే!"

చాలన్నాక తీసింది. నీళ్లు కారుతున్న చిలపని వెలుతురులో పట్టుకుంది. అడుగు చిక్కటి నీలం, మధ్యలో నీరసం, పైన తెలుపు.

"గజ్జి పట్టినట్టున్నాది," అన్నాడు జగన్నాధం.

"శానా బాగుంది మావా."

"నీ కళ్లలోనూ పొరేటే, గంగుల్లాగ?"

ఝాన్సీ ఆ చిలపని కర్రమీద ఆరేసింది. రేకుపెట్టె తెచ్చి ఆయన ముందు పెట్టి, మూత తియ్యకుండా ఆయన మొహంలోకి చూసింది. ఆయన పెట్టె వైపు చూడలేదు. దూరంగా ఎక్కడో లారీ హారను కొడితే అటు చూశాడు. తర్వాత కాలితో పెట్టెని ఆమె వైపు తోశాడు.

నూలు ఆరాక ఆమె చీటీ తీసి కట్టింది. చీటీలోని ముసలాయన మళ్లీ వంకరమూతితో మచ్చల నూలు మీద వేలాడాడు. జగన్నాధం దగ్గరికొచ్చి, తల ఇటు వంచి, అటు వంచి చూశాడు.

"విప్పు."

ఝాన్సీ మొహం మాడిపోయింది. "మళ్లీ ఏటి మావా?"

"చీటీ వంకరగా కట్టినావు. నూలు ఎలాగా అలాగే ఏడిసింది. పేరైనా తిన్నగా ఉండనీ."