పోలండ్ మామ్మ పేరు

రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తింది. ఏ దేశం ఖండించిందో, ఏ దేశం ఊరకుందో టీవీ చెబుతూనే ఉంది. కాకినాడలో ఎజ్రా గారికి మాత్రం, అక్కడ మెడిసిన్ చదివే కూతురు సరిహద్దు దాటిందా అన్నదే బెంగ.

ఫోన్ మోగింది.

"నాన్నా, పోలండ్ వచ్చేశాను! ఇక్కడో మామ్మగారు తన మేజోళ్లు నాకు తొడిగారు."

ఆయన ప్రాణం కుదుటపడింది. "పేరేంటమ్మా? చర్చిలో ప్రార్థన చీటీ రాయాలి. పేరు లేకపోతే పాస్టరుగారు చదవరు."

"అడగలేదు నాన్నా. ఆవిడ భాష నాకు రాదుగా!"

ఆదివారం పాస్టరుగారు చీటీ చదివారు: "పోలండ్‌లో ఉన్న సంపూర్ణమ్మ గారి కోసం."

పక్క బెంచీలో రెబెక్కా గొణిగింది. "అదేంటండీ, పోయిన మీ ఆవిడ పేరు కదా?"

ఎజ్రా గారు నవ్వారు. "చలిలో మా పిల్లకి మేజోళ్లు తొడిగే మనిషంటే, నాకు తెలిసిన పేరు అదొక్కటేనమ్మా."